శౌరివారి గంట, సర్కారు గాలి

సరుగుడుపాలెం వాళ్ళు పోట్లాటకు పేరుపడ్డవాళ్ళు. సంతలో చేపల బుట్ట దించకముందే బేరగాడితో తగువు మొదలుపెట్టగలరు. దేవుడు మమ్మల్ని కాపాడింది భక్తి చూసి కాదు, ఈ తగువుబుద్ధి చూసేనని వాళ్ళే చెప్పుకుంటారు, అదీ కాస్త గర్వంగా.

సంగతేమిటంటే, ఇప్పుడు ఊళ్ళో అందరికంటే పెద్దావిడ చంకబిడ్డగా ఉన్న రోజుల్లో, డిసెంబరు మొదట్లో, సరిగ్గా ఆ ఊరి క్రైస్తవులు కొలిచే పునీతుడు శౌరివారి పండగనాడు, ఇంకా తెల్లవారకముందే గుడిగంట మోగింది. ఊరంతా చలికి ముసుగుతన్ని పడుకుని ఉంది. గంట ఆగదు. వేళాపాళా లేకుండా గంట కొట్టి నిద్ర చెడగొట్టినవాడెవడో తేల్చుకుందామని ఆడా మగా చేతికందిన కర్ర పుచ్చుకుని, పిల్లల్ని ఇంట్లో వదలలేక చంకనేసుకుని, నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ గుడి ఉన్న ఇసుకదిబ్బ ఎక్కారు. తీరా చూస్తే గంట దగ్గర ఎవరూ లేరు. గాలికి దానంతటదే ఊగి మోగుతోంది. ఇంతదూరం వచ్చి తిట్లు వృథా అయ్యాయే అని వెనక్కి తిరిగితే, కింద ఊరు లేదు. ఊరున్న చోట సముద్రం ఉంది.

ఆ ఉప్పెనలో ఆ తీరాన ఎన్నో పల్లెలు పోయాయి. సరుగుడుపాలెంలో మాత్రం ఒక్క ప్రాణం పోలేదు. తిట్టడానికి బద్ధకించి ఇంట్లో ఉండిపోయిన మనిషి ఆ ఊళ్ళో ఒక్కడూ లేకపోవడమే అందుకు కారణం.

అప్పటినుంచి శౌరివారి పండగనాడు ఆ గంటను మనిషి చెయ్యి ముట్టుకోదు. పొద్దున్నుంచి ఊరంతా పస్తు ఉండి గాలికోసం కాచుకుంటారు. గాలికి గంట మోగగానే కర్రలు పట్టుకుని దిబ్బెక్కుతారు. ఊళ్ళో అందరికంటే పెద్దవాళ్ళెవరో వాళ్ళు ముందుగా "ఎవడ్రా గంట కొట్టింది?" అని కేకేస్తారు. ఆ వెనక ఊరుమొత్తం కడుపారా తిడుతుంది. ఫలానావాణ్ణని కాదు, ఊరికే గాల్లోకి. తిట్లు అయిపోయాక కర్రలు కింద పడేసి, మోకాళ్ళమీద కూచుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. తర్వాత దివ్యపూజ, పెద్ద గుండిగలో చేపలపులుసు, అన్నం. ఆ ఒక్కరోజు తిట్లకు పాపసంకీర్తనం చెప్పుకోనక్కర్లేదని పాతకాలపు ఫాదరెవరో ఒప్పుకున్నారట. తర్వాత వచ్చిన ఫాదర్లెవరూ ఆ మాట కదిలించే సాహసం చేయలేదు.

గాలి ఒక ఏడు మధ్యాహ్నానికే వస్తుంది, ఒక ఏడు పొద్దుగూకాక వస్తుంది. రాకుండా ఎప్పుడూ ఎగ్గొట్టలేదు.

ఆ గుడికి ఉపదేశి జోజప్ప. ఫాదరు పెద్ద ఊళ్ళో ఉంటారు కాబట్టి రోజూ గుడి తెరవడం, ఊడవడం, పిల్లలకు జపాలు నేర్పడం, గంట కీలుకు నూనె పెట్టడం అన్నీ ఆయన పనే. ఆయన తల్లి అగ్నేసమ్మ. నాడు తల్లి చంకనెక్కి దిబ్బెక్కినవాళ్ళలో ఆవిడొక్కతే మిగిలింది. అందుకని తొలికేక కొన్నేళ్ళుగా ఆవిడదే. కిందటేడు జబ్బుచేసినప్పుడు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇకమీదట ఖాళీకడుపుతో ఉండొద్దని గట్టిగా చెప్పింది. పండగనాడు గంట మోగితేగానీ మెతుకు ముట్టనని అగ్నేసమ్మ అంతకంటే గట్టిగా చెప్పింది. ఇంటికొచ్చాక కొడుకుతో మెల్లగా, "ఈ ఒక్క ఏడు ఇనబడితే చాల్రా జోజీ. అటు తర్వాత శౌరివారి ఇష్టం" అంది. జోజప్ప ఆ మాట మనసులో పెట్టుకుని, ఆ ఏడు గంట కీలుకు రెండింతల నూనె పెట్టాడు.

ఇలా ఉండగా ప్రభుత్వానికి విపత్తులమీద ప్రేమ పుట్టింది. పై అధికారి ఒకాయన ఏదో సదస్సుకు వెళ్ళి, ప్రజలు విపత్తులను తట్టుకున్న స్ఫూర్తిని పండగగా మలిస్తే పర్యాటకం పెరుగుతుందని విని వచ్చాడు. వెంటనే తీరంలో ప్రతి జిల్లాకూ ఒక విపత్తు స్ఫూర్తి ఉత్సవం ఉండితీరాలని ఉత్తర్వు వచ్చింది. చాలా జిల్లాల్లో తట్టుకుని బతికినవాళ్ళు దొరక్క అధికారులు ఇబ్బందిపడ్డారు. ఈ జిల్లాలో ఊరికి ఊరే దొరికింది.

జీపులో ప్రత్యేకాధికారి మార్కండేయులుగారు దిగారు. ఆయనది ఉత్సవాల ప్రామాణీకరణ విభాగం. అంతకుముందు ఒక జాతరలో పూనకాలకు క్యూ పద్ధతి ప్రవేశపెట్టి మెప్పు పొందిన మనిషి. సరుగుడుపాలేనికి కంకర రోడ్డు వేయిస్తామని, దిబ్బమీద దీపాలు పెట్టిస్తామని ఆయన చెప్పినప్పుడు ఊరు సంతోషించింది. పండగకు సాక్షాత్తు మంత్రివర్యులే వస్తున్నారంటే ఇంకా సంతోషించింది. అప్పుడాయన కలం తీసి, గాలి ఎన్ని గంటలకు వస్తుందని అడిగారు.

"చెప్పలేమండి. దానిష్టం" అన్నాడు జోజప్ప.

"ఇష్టం అంటే కుదరదు. మంత్రివర్యుల పర్యటనలో ప్రతి అంశానికీ సమయం కేటాయించాలి. గాలి విషయంలో ఇక్కడ బాధ్యులెవరు?"

ఊరంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చివరికి గంటకు నూనె పెట్టేవాడి ముఖం చూసింది. వారం తిరక్కుండా జోజప్పను గౌరవ గాలి సమన్వయకర్తగా నియమిస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది. జీతం లేదు, జవాబుదారీ ఉంది. దారిలో కనిపించినవాడల్లా, సమన్వయకర్తగారూ, వలలు ఆరడంలేదు, కాస్త గాలి మంజూరు చెయ్యండి అనడం మొదలుపెట్టాడు. జోజప్ప మొదట్లో నవ్వాడు, తర్వాత దారి మార్చుకుని నడవసాగాడు.

సాయంత్రం అయిదింటికి మంత్రివర్యులు ఖాళీగా ఉన్నారు కాబట్టి గాలి అయిదింటికి రావలసిందిగా నిర్ణయమైంది. ఈ నిర్ణయాన్ని వాతావరణ కార్యాలయానికి రాస్తే, ఆ వేళకు ఒక మోస్తరు గాలి వీచవచ్చు, వీచకపోవచ్చు, ఏది జరిగినా మాకు సంబంధం లేదని జవాబిచ్చారు. దాంతో మార్కండేయులుగారికి ఒక సంగతి స్పష్టమైంది. సహజ గాలిమీద ఆధారపడటం పరిపాలనాపరంగా సమంజసం కాదు.

గాలికి టెండరు పిలిచారు. సినిమా షూటింగులకు తుఫాన్లు సప్లై చేసే కంపెనీ ఒకటి ముందుకొచ్చింది కానీ రేటు ఎక్కువ చెప్పింది. తక్కువ రేటుకు పాడుకున్నది ఒక రైసుమిల్లు యజమాని. ఆయన దగ్గర వడ్లు తూర్పారపట్టే ఫ్యాన్లు ఉన్నాయి. వాటిని తెచ్చి గంటకు ఎదురుగా నిలబెట్టి, ఒక మీట నొక్కగానే అన్నీ తిరిగేలా వైరు లాగారు. పరీక్షగా తిప్పినప్పుడు గంటకంటే ముందు ఆ ఫ్యాన్లలో ఎన్నేళ్ళనుంచో దాగిన ఊక బయల్దేరింది. మార్కండేయులుగారు నెత్తినుంచి బూట్లదాకా ఊకతో నిండిపోయారు. అయినా గంట ఒక్కసారి ఠంగుమంది. ఆయన ఊక పడ్డ కళ్ళు నలుపుకుంటూనే, ప్రభుత్వ గాలి ప్రయోగం విజయవంతమైందని రాసుకున్నారు.

తర్వాత తిట్ల సంగతి వచ్చింది. మంత్రివర్యుల సమక్షంలో జనం కర్రలు పట్టుకుని తిడుతూ రావడం శాంతిభద్రతల సమస్య అవుతుందని ఆయన కర్రల బదులు కాగితపు జెండాలు పంచారు. తొలికేక కూడా సవరించారు. మీట నొక్కేది మంత్రివర్యులు కాబట్టి, గంట కొట్టిందెవరన్న ప్రశ్నకు ఇన్నాళ్ళకు జవాబు కూడా దొరికిందని ఆయనకు తట్టింది. ఊరికి అచ్చువేసి పంచిన పాఠం ఇది. పెద్దావిడ "ఓ గంటానాదమా, నిన్ను పలికించిన పుణ్యమూర్తి ఎవరు?" అని అడగాలి. జనం జెండాలూపుతూ "గౌరవనీయ మంత్రివర్యులే" అనాలి.

రోజూ సాయంత్రం దిబ్బమీద రిహార్సలు పెట్టారు. పుట్టినప్పటినుంచి తిట్టడమే తెలిసిన నోళ్ళు కావడంవల్ల, ఆ మాటే అంటున్నా అది ఎదుటివాడితో కాలుదువ్వుతున్నట్టే వినిపించేది. భక్తిభావం చాలడంలేదని మార్కండేయులుగారు మళ్ళీ మళ్ళీ అనిపించారు.

అగ్నేసమ్మకు చదువు రాదు. కొడుకు చేత చదివించుకుని రెండుసార్లు విన్నది.

"ఇది తిట్టా, పొగడ్తా?"

"పొగడ్తేనమ్మా."

"నిద్దర చెడగొట్టినోణ్ణి పొగుడుతారంట్రా? నాకు నోరు తిరగదని చెప్పు."

నోరు తిరగదని చెప్తే, తిరిగే నోరు జిల్లా కేంద్రంనుంచి తెప్పిస్తామన్నారు. ఒక నాటకాల ఆవిడకు తెల్ల విగ్గు పెట్టి సిద్ధం చేశారు కూడా. అగ్నేసమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

అంతటితో ఊరుకున్నా సరిపోయేది. పండగ ముందురోజు దిబ్బమీద నిలబడి కండువా సర్దుకుంటుండగా మార్కండేయులుగారికి సముద్రంవైపునుంచి గాలి తగిలింది. వెంటనే ఒక భయం పట్టుకుంది. మంత్రివర్యులు రాకముందే ఈ గాలే గంటను మోగిస్తే? కార్యక్రమం ప్రారంభం కాకుండానే ప్రారంభమైపోదూ? అనధికార గాలివల్ల గంట మోగకుండా, గంట నాలుకను గుడ్డచుట్టి తాడుతో బిగించి కట్టాలని అప్పటికప్పుడు ఆదేశించారు. గూటిదాకా ఎక్కగలిగినవాడు జోజప్ప ఒక్కడే.

జోజప్ప కట్టనన్నాడు. పండగనాడు కట్టడం లేదుకదా, ముందురోజే కదా, ఆచారానికి భంగమెక్కడుందని అధికారి అడిగారు. సమన్వయకర్త సహకరించని పక్షంలో జనం గుమిగూడటానికి ఇచ్చిన అనుమతి రద్దవుతుందని, పండగే ఉండదని కూడా చెప్పారు. జోజప్ప ఫాదర్‌కి ఫోన్ చేశాడు. ఒక్కపూటకు సర్దుకుపో జోజప్పా, మంత్రిగారు గుడికి ప్రహరీ కట్టిస్తానన్నారు అని ఫాదరన్నారు. పండగే లేకపోతే అమ్మకు గంట ఎక్కడిది అనుకుని జోజప్ప నిచ్చెనెక్కాడు. వలకు వేసే ముడే వేశాడు. దిగుతుంటే, ఎవరో మనిషి నోరు నొక్కి వస్తున్నట్టు అనిపించి చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

పండగ తెల్లవారింది. ఆ ఏడు గాలి పొద్దున్నే వచ్చింది. వచ్చి ఊరుకోలేదు, గంటగంటకూ పెరిగింది. సరుగుడు చెట్లు తలలూపుతున్నాయి, షామియానాలు ఉబ్బుతున్నాయి, గుండిగ మూతమీద రాళ్ళు పెట్టాల్సివచ్చింది. గంట మాత్రం గూట్లో మూగగా ఊగుతోంది. దిబ్బమీద, గంటగూటికి పక్కగా, మంత్రివర్యుల భారీ కటౌట్ నిలబెట్టారు. అసలు మంత్రికంటే అయిదారింతలు పొడుగు. కుడిచెయ్యి ముందుకు చాచి అభయమిస్తూ చిరునవ్వు నవ్వుతోంది.

అగ్నేసమ్మ దిబ్బ మొదట్లో చాపమీద కూచుని పొద్దున్నుంచి పైకే చూస్తోంది. మధ్యాహ్నం దాటింది. కొడుకు నీళ్ళు తెస్తే పెదవులు తడుపుకుంది, అంతే.

"గాలి బాగా ఉంది గదరా" అంది.

"ఉందమ్మా."

"గంట మోగుతుందా?"

జోజప్ప నీళ్ళచెంబు పక్కకు సర్దాడు. ఆవిడ కొంగు చాటున కళ్ళు ఒత్తుకుంది.

"మోగే ఉంటాదిలే. నా చెవులు పోయాయి. ఈ యేడైనా ఇందామనుకున్నా."

జోజప్పకు ఏడుపొచ్చింది. ఆ పూట తనంత నీచుడు ఆ తీరంలో లేడనిపించింది. చెవులు పోలేదమ్మా, నాలుక నేనే కట్టేశానని చెప్పడానికి నోరు రాలేదు. లేచి దిబ్బ ఎక్కాడు.

పైన వేరే గొడవ నడుస్తోంది. గాలి జోరుగా ఉన్నందువల్ల ముందుజాగ్రత్తగా కరెంటు తీసేశారు. కరెంటు లేనందువల్ల ఫ్యాన్లు తిరగవు. జనరేటరు తెచ్చే లారీకి దారిలో చెట్టు అడ్డం పడింది. ఆ చెట్టుకు అవతలే మంత్రివర్యుల కారు కూడా ఆగిపోయింది. మార్కండేయులుగారు చొక్కా గాల్లో జెండాలా ఎగురుతుండగా, మైకు పనిచేయక, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని జనానికి చెప్తున్నారు.

"గాలి ఎక్కువగా ఉన్న కారణంగా, గాలి కార్యక్రమం తాత్కాలికంగా నిలిపివేయడమైనది. గాలి తగ్గిన వెంటనే గాలి ప్రారంభమవుతుంది. అంతవరకూ ఎవరూ భోజనం చేయరాదు, ఎవరూ తిట్టరాదు."

నిచ్చెన దగ్గర ఒక కానిస్టేబుల్ కాపలా ఉన్నాడు. అనధికార గాలి వస్తే ఆపమని ఆయనకు చెప్పారు, ఎలా ఆపాలో చెప్పలేదు. పొద్దున్నుంచి తిండిలేక, టోపీ ఎగిరిపోకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"సమన్వయకర్తవైనా ఎక్కకూడదయ్యా. ఆర్డరు" అన్నాడు.

"మా అమ్మ తన చెవులు పోయాయనుకుంటోందండి" అన్నాడు జోజప్ప.

కానిస్టేబుల్ ఆయన ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత టోపీని గాలికి వదిలేసి, దాన్ని పట్టుకురావడానికి చాలా నెమ్మదిగా అటువైపు నడిచాడు.

జోజప్ప గూట్లోకి ఎక్కాడు. రాత్రి మంచుకూ ఉప్పుగాలికీ తాడు నాని ముడి బిగుసుకుపోయింది. గోళ్ళు విరిగాయిగానీ ముడి సడల్లేదు. పళ్ళతో కొరకడానికి వంగాడు. అప్పుడే పక్కనుంచి సరుగుడు గుంజలు విరిగిన చప్పుడైంది. తల ఎత్తి చూస్తే మంత్రివర్యులు చిరునవ్వుతో తనమీదికి వస్తున్నారు. జోజప్ప గోడకు అతుక్కుపోయాడు. కటౌట్ గూటిమీదికి ఒరిగింది. అభయమిస్తున్న ఆ కుడిచెయ్యి, గాలి బలమంతా చేరి, గంట నడుమున పడింది.

ఊరు ఎప్పుడూ వినంత పెద్దగా మోగింది గంట.

విగ్గు పెట్టుకున్న నాటకాల ఆవిడ గొంతు సవరించుకుంది. ఈలోగా కింద చాపమీదనుంచి అగ్నేసమ్మ పక్కనున్న ఇద్దరి భుజాలు పట్టుకుని లేచింది. అంతసేపూ పస్తున్న మనిషికి ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

"ఎవడ్రా గంట కొట్టింది?"

మార్కండేయులుగారు అప్పటికి పొద్దున్నుంచి ఒక్క మంచి శకునం కోసం ఎదురుచూస్తున్నారు. గంట మోగింది, ప్రశ్న వచ్చింది, ఇన్నిరోజులు నేర్పిన జవాబు నోట్లోనే ఉంది. ఆయన రెండు చేతులూ పైకెత్తి ఆనందంగా, "గౌరవనీయ మంత్రివర్యులే" అని ఎలుగెత్తి చెప్పారు.

సరుగుడుపాలెం పైకి చూసింది. నిజమే. గంటమీద చెయ్యివేసి మంత్రివర్యులు నవ్వుతున్నారు.

అన్నేళ్ళుగా ఆ ఊరు గాలిని తిడుతోంది. తిట్టు తగిలే మనిషి ఎదురుగా కనిపించడం అదే మొదటిసారి. కాగితపు జెండాలు ఎటు పోయాయో, కర్రలు ఎక్కడినుంచి వచ్చాయో తెలియదు. దిబ్బెక్కుతూ ఊరుమొత్తం తిట్టింది. కంకర పడని రోడ్డు పేరు చెప్పి తిట్టారు, వెలగని దీపాల పేరు చెప్పి తిట్టారు, ఆగిపోయిన పింఛన్ల పేరు చెప్పి తిట్టారు. విగ్గావిడ కూడా తనకు రావలసిన పారితోషికం గుర్తొచ్చి నాలుగు కలిపింది. జోజప్ప పళ్ళకు ముడి తెగి నాలుక విడివడగానే గంట తనంతట తాను మోగడం మొదలుపెట్టి, వాళ్ళ గొంతులకు తోడుగా మోగుతూనే ఉంది. మంత్రివర్యులు అన్నీ చిరునవ్వుతో విన్నారు.

తిట్లు అయ్యాక కర్రలు కిందపడ్డాయి. అందరూ మోకరించారు. పొద్దున్నే వచ్చి కాచుకుని ఉన్న ఫాదరు పూజ చేశారు. మార్కండేయులుగారు కూడా వరుసలో కూచుని పులుసన్నం తిన్నారు, రెండోసారి పెట్టించుకున్నారు. జోజప్ప నోట్లో తాడుపీచు ఇంకా ఉండగానే తల్లికి ముద్దలు కలిపి పెట్టాడు. ఆవిడ మొదటి ముద్ద మింగి, కొడుకు విరిగిన గోళ్ళకేసి చూసింది.

"నువ్వే కట్టావుగదా" అంది.

"నేనేనమ్మా."

"ఊఁ. చెవులు బాగానే ఉన్నాయన్నమాట" అని రెండో ముద్దకు నోరు తెరిచింది.

మర్నాడు ప్రభుత్వ నివేదిక పత్రికల్లో వచ్చింది. గౌరవనీయ మంత్రివర్యులు స్వహస్తంతో గంట మోగించి ఉత్సవాన్ని ప్రారంభించారనీ, గ్రామస్థులు తమ సంప్రదాయం ప్రకారం ఉప్పొంగిన హృదయాలతో స్పందించారనీ, మంత్రివర్యులు వారి విన్నపాలన్నిటినీ చిరునవ్వుతో ఆలకించారనీ ఉంది. జోజప్ప అరుగుమీద కూచుని దాన్ని తల్లికి చదివి వినిపించాడు. ఇందులో అబద్ధమెక్కడుందా అని మళ్ళీ ఒకసారి చదివాడు. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు.

అగ్నేసమ్మ అంతా విని తలాడించింది.

"వచ్చే యేడు కూడా ఆయన్నే పిలవండ్రా" అంది. "తిట్టడానికి ఒక ముఖమంటూ ఉంటే నోరు బాగా తెరుచుకుంటాది."